ఆ వాక్యంలోనూ ‘మొదట’ అనే ఉంది

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా. బెంగళూరు కేఆర్ పురంలో ఉంటాం. ఇద్దరం ఐటీ ఉద్యోగులమే. బుధవారం గృహకూటం, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం పాటల ప్రాక్టీస్, ఆదివారం ఆరాధన... ఏదీ మానను. గత నెల ఆల్ నైట్ ప్రేయర్‌కి బయల్దేరేటప్పుడే ఎనిమిదేళ్ల పాపకు ఒళ్లు వెచ్చగా ఉంది. దేవుడే చూసుకుంటాడని వెళ్లాను. మావారు రాత్రి పదకొండింటికి ‘102 ఉంది’ అని మెసేజ్ పెట్టారు. ఫోన్ బ్యాగులో ఉండిపోయి, నేను నాలుగింటికి చూశాను. అప్పటినుంచి ఆయన ముభావంగా ఉన్నారు. ఇక ఆదివారం కూడా వెళ్లొద్దన్నారు. ‘ఆయన రాజ్యాన్ని, నీతిని మొదట వెదకండి’ అన్న మత్తయి 6:33 ప్రకారం దేవునికి మొదటి స్థానం ఇవ్వడం తప్పా?

జవాబు: చెల్లెమ్మా, తప్పు కాదు. ముందే ఈ మాట చెప్తున్నాను, మీ భక్తిని తక్కువ చేస్తున్నానని అనుకోకూడదని. ఊరుగాని ఊళ్లో, వారమంతా ఆఫీసు టెన్షన్ మోసి, తెలుగులో పాడుకునే నలుగురి మధ్య కూర్చోవాలని ప్రాణం ఎంత కొట్టుకుంటుందో నాకు తెలుసు.

మీరు చెప్పిన వాక్యం కొండమీద ప్రసంగంలోది. దానికి ముందు యేసు మాట్లాడింది ఏం తింటాం, ఏం కట్టుకుంటాం అన్న చింత గురించి. ఆ ‘మొదట’ కూడూ గుడ్డల బెంగకు ఎదురుగా నిలబెట్టిన మాట, కన్నబిడ్డకు ఎదురుగా కాదు. అదే ప్రసంగంలో ఒక అధ్యాయం వెనక్కి వెళ్లి 5:23, 24 చదవండి. కానుక పట్టుకుని బలిపీఠం దాకా వచ్చినవాడికి, సహోదరుడికి తనమీద నొప్పి ఉందని అక్కడ గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ‘మొదట వెళ్లి’ సమాధానపడమన్నాడు. ఆ తర్వాతే వచ్చి అర్పించమన్నాడు. అక్కడా ‘మొదట’ అనే ఉంది.

ఆ రాత్రి మీ ఇంట్లో ఏం జరిగి ఉంటుందో ఒక్కసారి తలుచుకోండి. పాప నుదుటిమీద తడిగుడ్డ మారుస్తూ, అమ్మేదని అడిగితే ఏదో సర్దిచెబుతూ, బ్లూ టిక్ పడిందా అని ఆయన ఫోన్ ఎన్నిసార్లు చూసి ఉంటారు! ఆయన కోపం దేవుడిమీద కాదు, ఆ ఐదు గంటలమీద అని నా నమ్మకం.

ఆయన పక్కన కూర్చుని ఆ రాత్రికి క్షమించమని అడగండి. వాక్యం ఎత్తొద్దు, ‘కానీ’ అనొద్దు. తర్వాత పాపనూ అడగండి, ఎనిమిదేళ్ల పిల్లకి అన్నీ గుర్తుంటాయి.

ఆదివారం ఆరాధన మాత్రం మానకండి. ఆయన మనసు కుదుటపడ్డాక, అది మీకు ఎంత అవసరమో మెల్లగా చెప్పండి. బుధవారం, శనివారం కొన్నాళ్లు ఆపేయండి. పాస్టర్ గారికి ఉన్నదున్నట్టు చెప్పండి. సొంత ఇంటిని చక్కదిద్దుకోలేనివాడు సంఘాన్ని ఎలా చూసుకుంటాడని పౌలు అడిగింది సంఘపెద్దల గురించే (1 తిమోతి 3:5), కాబట్టి మంచి కాపరికి మీ పరిస్థితి అర్థమవుతుంది. ‘సిస్టర్ చల్లారిపోయింది’ అని ఎవరో ఒకరు అంటారు. గుచ్చుకుంటుంది. ఓర్చుకోండి.

మీ సొంత ప్రార్థన తగ్గించుకోమని నేను అనను, ఇంకా పెంచుకోండి. యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి, ఒంటరిగా వెళ్లి ప్రార్థించాడని మార్కు 1:35లో ఉంది. ఇల్లు లేవకముందు ఆ అరగంట మీది, దేవుడిది. రాత్రి పాపను పడుకోబెట్టేటప్పుడు ఒక పాట, చిన్న ప్రార్థన. ఆయన్నీ పిలవండి. రాకపోతే పక్కగదిలోకి వినపడేలా పాడకండి, పాప కోసమే పాడండి.

వచ్చే శుక్రవారం ప్రార్థనకు ఈ ఒక్కసారికి రాలేనని చెప్పి, ఆ సాయంత్రం ఆయనతో మాట్లాడటానికి ఉంచుకోండి.