గైనిక్ ఎలెక్టివ్‌కి వెళ్తున్న మా చిన్నాడికి

చిన్నా,

ఎంబీబీఎస్‌లో మీకు నచ్చిన విభాగం ఎంచుకునే ఆ ఎలెక్టివ్ పోస్టింగ్‌కి గైనిక్ తీసుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "మగపిల్లాడికి అదేం పోస్టింగ్ వదినా" అని మీ నాన్న పక్కనుంచి అనడం కూడా వినబడింది. కర్నూలులో పుట్టిన లక్ష్మణస్వామి ముదలియార్ గారు ప్రసూతి వైద్యులేనని, మద్రాసు యూనివర్సిటీకి 27 ఏళ్లు వైస్ ఛాన్సలర్‌గా కూడా చేశారని ఆయనకి చెప్పు. నాకైతే ఆ పూటంతా కాలు నిలవలేదు. సంతోషం ఎంతో, టెన్షన్ అంత.

మా రోజుల్లో ఎలెక్టివ్‌లు ఎక్కడివి! 2019 కరికులంతో మీకు వచ్చిన అదృష్టం అది. గోళ్లు కత్తిరించుకో. కడుపునిండా తిని వెళ్లు, మొదటి కాన్పు చూసి కళ్లు తిరిగి పడేది ఎక్కువగా ఖాళీ కడుపుతో వచ్చినవాళ్లే. సిస్టర్ల దగ్గర వినయంగా ఉండు, వాళ్లు నేర్పినంత పీజీ చదివే డాక్టర్లు నేర్పరు. స్కాన్ గదిలో ఎవరు ఎంత బతిమాలినా ఆడా మగా అన్నది నీ నోట రాకూడదు. 1994 చట్టం ప్రకారం సైగ చేసినా నేరమే.

పరీక్ష చేసేముందు ఆమెని అడుగు. సిస్టర్ పక్కన లేకుండా తెర వెనక్కి వెళ్లకు. నేర్చుకోవడానికని ఒకామెకి ఐదుగురు వరసగా లోపలి పరీక్ష చేసి ఉంటే, ఆరోవాడివి నువ్వు కాకు. అన్నీ సవ్యంగా ఉంటే నాలుగు గంటలకోసారి చాలు. దానికి బదులు ఆమె ఒప్పుకుంటే అరచెయ్యి పొట్ట మీద ఆనించి పది నిమిషాలు కూర్చో. ఎన్ని నొప్పులు వచ్చాయి, ఒక్కోటి ఎన్ని సెకన్లు నిలిచింది, లెక్కపెట్టు. ఆమెకీ పక్కన మనిషి ఉన్నారన్న ధైర్యం.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి, చూసినవీ చేసినవీ రాసుకునే నీ లాగ్‌బుక్. ఇంటర్‌లో ఫిజిక్స్ రికార్డుకి ఫ్రెండ్ రీడింగులు ఎక్కించుకుంటుంటే చూసి నవ్వినదాన్ని నేనే. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

ఎనభైల్లో నేను హౌస్ సర్జన్‌ని. మా యూనిట్‌లో తొలిచూలు అమ్మాయి ఒకతె చేరింది. బీపీ కొంచెం ఎక్కువుంది, గంటకోసారి చూడమన్నారు. రాత్రి డ్యూటీ నా బ్యాచ్‌మేట్‌ది. గంటగంటకీ కేస్ షీట్‌లో రాశాడు: 130/80, 130/80, 126/80. ఆ అమ్మాయి తలనొప్పి అంటే నిద్రలేక అన్నారు. కళ్లు మసకలంది. పొట్ట పైభాగంలో నొప్పంది. గ్యాస్ అన్నారు. అవన్నీ బీపీ పెరుగుతోందన్న గుర్తులే. తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. అప్పట్లో మా దగ్గర వాడేది డయాజిపామ్. మెగ్నీషియం సల్ఫేటే మేలని పెద్ద ట్రయల్‌లో తేలింది 1995లో. తల్లి దక్కింది. బిడ్డ కడుపులోనే పోయింది.

పొద్దున మేడమ్ వచ్చి కేస్ షీట్ చదివారు. అరవలేదు. బీపీ మిషన్ తెమ్మన్నారు. పట్టీ కట్టి బల్బు నొక్కితే పాదరసం కదల్లేదు, రబ్బరు గొట్టం చీలి ఉంది. ముందురోజు సాయంత్రమే సిస్టర్ దాన్ని రిపేరుకి రాసి పెట్టింది.

మరి రాత్రంతా ఆ అంకెలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? వాడు చెడ్డవాడు కాదురా. ముందురోజు పొద్దున్నుంచి నిద్ర లేదు, మంచానికి ఇద్దరేసి పేషెంట్లు. పక్క వార్డుకి వెళ్లి మిషన్ అడగడానికి మొహమాటం, గడి ఖాళీగా ఉంటే తిడతారని భయం. ఆ అంకెలు చూసి పీజీ కూడా బాగానే ఉందనుకుని తర్వాతి మంచానికి వెళ్లిపోయింది. గడి ఖాళీగా ఉంటే ఒక్కరైనా ఆగి అడిగేవారు.

అందుకని, కొలవనప్పుడు "మిషన్ పని చేయడం లేదు, కొలవలేదు" అని టైము వేసి రాయి. తిడితే తిట్టించుకో. లాగ్‌బుక్‌లో చూసిన కాన్పుని చూశాననే రాయి, చేశానని రాయకు. గర్భిణి తలనొప్పంటే ముందు బీపీ, తర్వాతే పారాసిటమాల్. 160/110 కనబడితే పీజీ నిద్రలో ఉన్నా లేపు. విసుక్కుంటే మా పెద్దమ్మ లేపమందని చెప్పు!

నీకు అలసట వస్తే మొహం వాడిపోతుంది, కానీ నోటితో చెప్పవు. చిన్నప్పుడు జ్వరం వచ్చినా అంతే. అక్కడ అలా ఉండకు. నిలబడలేకపోతే చెప్పి బయటికి వచ్చి కూర్చో, ఎంత రాత్రయినా నాకు ఫోన్ చెయ్యి.

సూది గుచ్చుకుంటే సిగ్గుపడి దాచుకోకు. సబ్బుతో కడిగి వెంటనే చెప్పు. హెచ్ఐవీ మందు అవసరమైతే 72 గంటల్లోపు మొదలవ్వాలి, ఎంత ముందైతే అంత మంచిది. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ అయ్యాయా? మీ అమ్మ అయ్యాయనే అంటుంది, నాకు నమ్మకం లేదు. కార్డు ఫొటో తీసి రేపే పంపు.

మీ పెద్దమ్మ