తిత్తిని మరిచిపోయావు అమ్మాయీ

అమ్మాయీ,

పత్రికకి పంపాలని రాసిన నీ "స్త్రీ ఛాతీ, ఊపిరితిత్తులు" వ్యాసం అందింది. పదకొండు పేజీలు. దస్తూరి ముత్యాల్లా ఉంది, డాక్టరు కాబోయే పిల్లదంటే నమ్మేలా లేదు. మెచ్చుకోలు ఇంతటితో సరి.

మూడో పేజీలో "గాలి పీల్చగానే ఊపిరితిత్తులు బెలూన్లలా ఉబ్బి ఛాతీని ముందుకు నెడతాయి" అని రాశావు. అది చదివి కాగితాలు బల్ల మీద పడేసి, వెళ్ళి కాఫీ పెట్టుకున్నాను. ఫస్టియర్‌లో ఛాతీ కోసి చూసి, ఇప్పుడు హౌస్ సర్జన్సీ చేస్తున్న పిల్ల రాయాల్సిన మాటేనా ఇది? జరిగేది దానికి తలకిందులు. ముందు ఛాతీ పెద్దదవుతుంది, ఆ తరవాతే గాలి లోపలికొస్తుంది. ఊపిరితిత్తికి తనంతట తాను ఉబ్బే కండ లేదు. పొట్టకీ ఛాతీకీ మధ్య గొడుగులా ఉండే డయాఫ్రమ్ కిందికి దిగుతుంది, పక్కటెముకలు పైకి లేస్తాయి, లోపల చోటు పెరిగి ఒత్తిడి తగ్గుతుంది. బయటి గాలి దానంతటదే వచ్చి చేరుతుంది.

తప్పు రాశావని కాదు నా కోపం. తప్పులు నేనూ రాశాను, అచ్చులో కూడా వచ్చాయి. ఊపిరితిత్తి అన్న మాట చేతిలో పెట్టుకుని బెలూన్ని అరువు తెచ్చుకున్నావు చూడు, అదీ కోపం. తిత్తి అంటే ఏమిటి? మా ఊరి కమ్మరి కొలిమి దగ్గర తోలుతిత్తి ఉండేది. స్కూలు వదిలాక అక్కడే నిలబడేదాన్ని. ఆయన తిత్తిలోకి ఎప్పుడూ గాలి ఊదలేదు. పిడి పట్టుకుని లాగేవాడు, తిత్తి తెరుచుకునేది, గాలి వచ్చి నిండేది. నొక్కితే నిప్పుల మీదికి పోయేది. ఈ పేరు పెట్టినవాళ్ళు మెడికల్ కాలేజీ గడప తొక్కి ఉండరు. వాళ్ళకి తెలిసింది నీ పేజీలో లేదు. (మామూలుగా వదిలే ఊపిరికి నొక్కడం కూడా అక్కర్లేదు, ఊపిరితిత్తి సాగిన రబ్బరులా తనే ముడుచుకుంటుంది. పోలిక అక్కడ కాస్త తప్పుతుంది, ఒప్పుకుంటాను.)

ఇంక ఉరఃపంజరం, అంటే పక్కటెముకల గూడు. నీ వ్యాసంలో పద్నాలుగు సార్లు వచ్చింది, లెక్కపెట్టాను. నేను ట్యూటర్‌గా చేరిన కొత్తలో మొదటి వ్యాసం రాసి, మా డిసెక్షన్ హాల్లో పనిచేసే ఆయాకి చదివి వినిపించాను. అంతా విని, "ఉరపంజరం అంటే చిలకని పెడతారే, అదామ్మా?" అంది. నవ్వొచ్చింది గానీ రాత్రి నిద్ర పట్టలేదు. పంజరం కదలదు కదా! ఇది కదలకపోతే మనిషి బతకడు. నువ్విప్పుడు రెండు అరచేతులూ డొక్కల మీద ఆనించి గట్టిగా ఊపిరి తీసుకో. పక్క ఎముకలు బొక్కెన పిడి లేచినట్టు పక్కకీ పైకీ లేస్తాయి. పైన రొమ్ముటెముక బోరింగు పిడిలా ముందుకి లేస్తుంది. ఆయాకి మర్నాడు అలాగే చెప్పాను. డొక్కలు పట్టుకుని చూసుకుని, "ఔనమ్మో" అంది. ఇన్నేళ్ళలో నాకు దక్కిన సమీక్షల్లో అదే మంచిది.

డొక్క అన్న మాటే తీసుకో. నిమోనియా వచ్చిన చంటిపిల్లాడు ఊపిరి తీసుకుంటుంటే ఛాతీ కింది భాగం బయటికి రావాల్సింది పోయి లోపలికి లాక్కుపోతుంది. తల్లి పరిగెత్తుకొచ్చి "డొక్కలెగరేస్తున్నాడమ్మా" అంటుంది. ఆ ఒక్కమాటతో నువ్వు లేచి పిల్లాడి దగ్గరికి పోవాలి. ఆ తల్లి నీ వ్యాసం చదివితే ఈ విషయం ఎక్కడ దొరుకుతుంది? ఐదో పేజీలో, "పర్శుకాంతర కండరాల సంకోచం" కింద. దొరకదన్నమాట.

నువ్వు రెండో పేజీలో ఛాతీని తట్టి జబ్బు పట్టే పద్ధతి చెప్పిన డాక్టరు ఔవెన్‌బ్రుగ్గర్ పేరు, 1761 అన్న ఏడు రాసి ఊరుకున్నావు. ఆయన తండ్రిది ఆస్ట్రియాలో పూటకూళ్ళ ఇల్లు. పీపాలో ద్రాక్షసారా ఎంతవరకు ఉందో పైనుంచి తట్టి చెప్పేవాళ్ళట. కొడుకు డాక్టరయ్యాక మనిషి ఛాతీని అలాగే తట్టి చూశాడు. గాలి ఉన్నచోట ఒక శబ్దం, నీరు పట్టిన చోట ఇంకో శబ్దం. మీ అమ్మ సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూడదూ? ఏడు మరిచిపోతే మరిచిపో, ఆ కుండ ఎందుకు వదిలేశావు?

ఎముకల లెక్క పట్టిక కూడా తీసెయ్. పన్నెండు జతలు, పై ఏడు జతలు రొమ్ముటెముకని నేరుగా పట్టుకుంటాయి, తరవాతి మూడూ పైదాని మృదులాస్థిని పట్టుకుంటాయి, చివరి రెండూ ముందుదాకా రాకుండానే ఆగిపోతాయి. సరే, ఎవరికి గుర్తుంటుంది? పాఠకుడి వేలు పట్టుకుని తీసుకెళ్ళు. గొంతు కింద గుంట నుంచి వేలు కిందికి జార్చమను. నాలుగైదు సెంటీమీటర్లకి అడ్డంగా చిన్న గట్టు తగులుతుంది. దానికి అటూ ఇటూ ఉన్నది రెండో పక్కటెముక. లెక్క అక్కణ్ణుంచి మొదలు, మొదటిది వేలికి సరిగా దొరకదు. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ప్లూరాలో, అంటే ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరల మధ్య, చేరిన నీరు తీయబోయి సూది ఎముక కింది అంచుకి ఆనించాను. సీనియర్ చటుక్కున నా మణికట్టు పట్టుకుంది. ప్రతి ఎముక కింది అంచున గాడిలో సిర, ధమని, నరం దాక్కుని ఉంటాయి, అందుకే సూది ఎప్పుడూ ఎముక పై అంచు మీదుగా పోవాలి. ఆ పట్టు ఇప్పటికీ గుర్తుంది. పుస్తకంలో ఏ పేజీలో చదివానో గుర్తులేదు.

ఇప్పుడు అసలు సంగతి. వ్యాసం పేరేమో "స్త్రీ ఛాతీ, ఊపిరితిత్తులు". పదకొండు పేజీల్లో రొమ్ము అన్న మాట ఒక్కసారీ లేదు. "ఆ భాగం", "సంబంధిత భాగం", ఒకచోట "క్షీరగ్రంథుల ప్రదేశం". సిగ్గా? నలభై ఏళ్ళ కిందట ఒక వారపత్రికకి రొమ్ములో గడ్డల గురించి రాస్తే, సంపాదకుడు రొమ్ము అన్న ప్రతిచోటా వక్షస్థలం చేశాడు. ఫోన్ చేస్తే "ఇది కుటుంబ పత్రిక అమ్మా" అన్నాడు. అదే సంచికలో సీరియల్ నాయిక ఎద ఎత్తుల గురించి మూడు పేరాలున్నాయి. అక్కడ కుటుంబం ఏమైపోయిందో! తరవాత ఒకావిడ ఉత్తరం రాసింది: "మీరు రాసినట్టే వక్షస్థలంలో బరువుగా ఉంటే ఈసీజీ తీయించుకున్నాను, బాగుందన్నారు, చాలా థ్యాంక్స్." ఆ ఉత్తరం నా దగ్గరే ఉంది. ఇప్పటివాళ్ళకి ఆ సిగ్గు లేదు, దాని బదులు "ఈ ఐదు లక్షణాలుంటే జాగ్రత్త!" అనే జబ్బు పట్టుకుంది. టెన్షన్ పెట్టడమే తప్ప చెయ్యి ఎక్కడ పెట్టి చూసుకోవాలో చెప్పరు.

నాకు ఎదురుమాట నేనే చెప్పుకుంటాను. మనవాళ్ళ మాట అన్నిసార్లూ సరైంది కాదు. గుండె అన్న మాట చూడు. ఛాతీ మొత్తాన్నీ గుండె అనేస్తారు. గుండెల్లో కఫం, గుండెల్లో నెమ్ము. అలాంటప్పుడు "ఎక్కడో వేలితో చూపించు" అనాలి. వేలు అబద్ధం చెప్పదు.

ఏడో పేజీ చివర, ఎవరూ చూడని చోట, ఒక వాక్యం పెట్టావు: "మా అమ్మమ్మ చంకలో కందిగింజంత ఉందని ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు." అక్కడ ఆగిపోయాను. కాఫీ చల్లారిపోయింది. ఆ వాక్యం తరవాత నువ్వు మళ్ళీ "శోషరస వ్యవస్థ" అంటూ పారిపోయావు.

పారిపోకుండా అక్కడే కూర్చో. రొమ్ము రెండో పక్కటెముక నుంచి ఆరో దాని దాకా ఛాతీ కండ మీద పరుచుకుని ఉంటుంది, దాని తోక ఒకటి చంకలోకి పోతుంది. అక్కడి లింఫులో, అదే నీ శోషరసంలో, ఎక్కువ భాగం చంకలోని గ్రంథుల్లోకే చేరుతుంది. అందుకే చూసుకునేటప్పుడు చంకనీ తడమాలి. చర్మం నుంచి లోపలికి సన్నటి పట్టీలుంటాయి. బూరుగుదూది పరుపుకి మధ్యమధ్య దారం లాగి కుడితే సొట్టలు పడతాయి చూడు, గడ్డ ఆ పట్టీని లాగితే చర్మం అలాగే సొట్ట పడుతుంది. గడ్డల్లో ఎక్కువ కాన్సర్ కావు, ఆ మాట తప్పకుండా రాయి, లేకపోతే చదివినవాళ్ళు హడలిపోతారు. కాన్సర్ గడ్డకి మొదట్లో చాలాసార్లు నొప్పి ఉండదు, అదీ రాయి. "నొప్పి లేదుగా" అనుకునే మీ అమ్మమ్మ ఊరుకుని ఉంటుంది. మగవాళ్ళకీ రొమ్ము కణజాలం ఉంటుంది, అరుదుగా వాళ్ళకీ ఈ జబ్బు వస్తుంది. వ్యాసం పేరులో స్త్రీ అని పెట్టి వాళ్ళనెందుకు తోసేశావు?

కుడి ఊపిరితిత్తికి మూడు తమ్మెలు, ఎడమదానికి రెండు అని సరిగ్గానే రాశావు. పిల్లలకి పొలమారితే వేరుశనగ గింజ ఎక్కువగా కుడివైపుకే ఎందుకు పోతుందో కూడా రాస్తే బాగుండేది. కుడి గొట్టం వెడల్పు, పైగా నిటారు. అంతే.

ఏ పత్రికకి పంపాలి, పారితోషికం ఎంత, మారుపేరు పెట్టుకోవాలా అని అడిగావు. మారుపేరు సంగతి మళ్ళీ ఎప్పుడైనా మాట్లాడుకుందాం.

ఏడో పేజీ నుంచి మళ్ళీ మొదలుపెట్టు. ఎనిమిది నెలల తరవాత మీ అమ్మమ్మ ఎవరికి మొదట చెప్పింది, ఏ మాట వాడి చెప్పింది, నువ్వు రాయలేదు. ఆవిడ ఉంటే ఆవిణ్ణే అడుగు. లేకపోతే మీ అమ్మకి గుర్తుండే ఉంటుంది.

ఆశీస్సులతో,
మీ మేడమ్