సొంత పడవలో వేరే దేశానికి వెళ్తే, అందులోని మద్యం గురించి కస్టమ్స్‌కు చెప్పాలా?

చాలా దేశాల్లో చెప్పాలి. రెండు సీసాలే ఉన్నా, ఒకటి సగం ఖాళీ అయినా సరే.

విమానాశ్రయంలోలా ఇక్కడ అధికారి ఎదురుగా నిలబడి ఉండడు. ముందుగా తెలియజేయాల్సిన బాధ్యత కెప్టెన్‌దే. చాలా దేశాల్లో అక్కడి జలాల్లోకి రాగానే ‘అనుమతి కావాలి’ అని తెలిపే పసుపు రంగు ‘క్యూ’ జెండా ఎగరేయాలి. అనుమతి వచ్చేదాకా మిగతావాళ్లు ఒడ్డున కాలు పెట్టకూడదు.

చాలామంది పొరపాటు పడేది లెక్క దగ్గర. పన్ను మినహాయింపు మనిషికే గానీ పడవకు కాదు. అమెరికాలో 21 ఏళ్లు నిండినవారికి సాధారణంగా తలా 1 లీటరు. ఐరోపా యూనియన్‌లోకి బయటి దేశం నుంచి వస్తే 17 ఏళ్లు నిండినవారికి విస్కీ లాంటివి 1 లీటరు, దాంతోపాటు 4 లీటర్ల వైన్, 16 లీటర్ల బీరు. పిల్లల పేరు మీద వాటా కలపడం కుదరదు.

అంతకంటే ఎక్కువ ఉంటే టెన్షన్ పడకండి. పన్ను కట్టవచ్చు. కొన్నిచోట్ల ఆ సరుకును పడవలోనే ఓ అరలో పెట్టి అధికారులు సీలు వేస్తారు. ఆ దేశం వదిలేదాకా దాన్ని తెరవకూడదు. నా మటుకు ఇదే మంచి దారి అనిపిస్తుంది.

దాచి దొరికితే మాత్రం సరుకు పోతుంది, జరిమానా పడుతుంది, ఒక్కోసారి పడవనే పట్టుకుంటారు. అందుకే బయల్దేరే ముందే సీసాల జాబితా రాసుకుని, వెళ్లే దేశం కస్టమ్స్ వెబ్‌సైట్‌లో తాజా పరిమితి చూసుకోండి.