నాపరాయి మీద ఆకు

ప్రశ్న: మేడమ్, మాది బేతంచెర్ల. నాన్న నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో పనిచేస్తారు. మొన్న ఒక బండ మీద నల్లటి ఆకు అచ్చు కనిపించింది, సన్నటి రెమ్మలతో సహా. అది శిలాజమేనా? ఇంటర్ ఎంపీసీ అయ్యాక జియాలజీ చదవాలని ఉంది. ఇంట్లో మాత్రం ‘రాళ్లు చదివి ఏం చేస్తావు?’ అంటున్నారు.
- ఒక విద్యార్థిని

జవాబు: ముందు ఆకు సంగతి. నిరాశ పడకమ్మా, అది ఆకు కాదు. రాతి పొరల మధ్య సన్నని సందుల్లోకి నీళ్లు దిగి, అందులోని మాంగనీసు రెమ్మలు రెమ్మలుగా పేరుకుపోతే అలా కనిపిస్తుంది. డెండ్రైట్ అంటారు. భూతద్దంతో చూడు, ఆకైతే నడి ఈనె ఉండాలి. దీనికి ఉండదు, సందు అంచు నుంచి పాకినట్టు ఉంటుంది.

డిగ్రీ మొదటి ఏడాదిలో నేనూ ఇలాంటిదే ఒకటి పాత చీరముక్కలో చుట్టి క్లాసుకు తీసుకెళ్లాను. మా మాస్టారు నవ్వలేదు. ‘ఈ రాయి ఏర్పడేనాటికి భూమ్మీద ఆకులున్నాయా?’ అని మాత్రం అడిగారు. సిగ్గుతో రెండు రోజులు ఆయనకు ఎదురుపడలేదు. కానీ ఆ ప్రశ్నలో సగం సిలబస్ ఉంది. మీ నాపరాయి నార్జి సున్నపురాయి, సముద్రం అడుగున బురదలా పేరుకున్నది. బెలూం గుహలు తొలిచింది కూడా అందులోనే. నేల మీద ఆకుల మొక్కలు రావడానికి చాలా ముందుదది.

మరి మీ జిల్లాల్లో ఇంత పాత రాళ్లలో శిలాజాలే లేవా అంటే, ఉన్నాయి. అవి ఎముకలు, గవ్వలు కావు. ఇంకా పాతదైన వేంపల్లె డోలమైట్‌లో (సున్నపురాయికి దగ్గరి చుట్టం లాంటి రాయి) ఉల్లిపాయ అడ్డంగా కోసినట్టు వలయాలు కనిపిస్తాయి. స్ట్రొమటోలైట్లు, అంటే సూక్ష్మజీవుల తెట్టు పొరలు పొరలుగా కట్టిన దిబ్బలు. నాకైతే డైనోసార్ కంటే ఇవే ముద్దు. నిజమైన ఆకే కావాలంటే సింగరేణి బొగ్గు పొరల దగ్గర గ్లోసోప్టెరిస్ అనే అంతరించిన మొక్క ఆకు దొరుకుతుంది, వయసు 25 కోట్ల ఏళ్లకు పైనే. డైనోసార్ కావాలంటే హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియానికి వెళ్లు. యామనపల్లి దగ్గర దొరికిన కోటసారస్ అస్థిపంజరం అక్కడ నిలబెట్టి ఉంది.

కోర్సులో ఏముంటుందంటావా? సుత్తి, కంపాస్, భూతద్దం, చిన్న సీసాలో పలచని యాసిడ్. సున్నపురాయి మీద చుక్క వేస్తే బుసబుస పొంగుతుంది, డోలమైట్‌ను పొడి చేస్తే గానీ పొంగదు. వంటగది నాపబండ మీద నిమ్మరసం పడితే మచ్చ పడేదీ ఇందుకే. ల్యాబ్‌లో రాతిని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి మైక్రోస్కోప్ కింద పెడతారు. నా మొదటి మూడు ముక్కలూ చివరి నిమిషంలో గాజు పలక మీంచి ఊడిపోయాయి, ఏడుపొక్కటే తక్కువ. ఫీల్డ్ ట్రిప్పులో ఎండ, దాహం, నోట్‌బుక్ నిండా కొలతలు. తిరుమల ఘాట్ రోడ్డులో మమ్మల్ని రోడ్డు కోసం కొండను కోసిన ఒక చోట నిలబెట్టారు. కింద 250 కోట్ల ఏళ్లకు పైబడిన గ్రానైట్, పైన ఇసుక గట్టిపడి అయిన క్వార్ట్‌జైట్. ఆ రెంటి నడుమ పదుల కోట్ల ఏళ్ల చరిత్ర గల్లంతు. బస్సులో ఎన్నిసార్లు దాటానో ఆ గీతని!

ఉద్యోగాల మాట ఇంట్లో అడగడం తప్పు కాదు. యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష ద్వారా జియలాజికల్ సర్వేలో, భూగర్భజల బోర్డులో తీసుకుంటారు. గనులు, సిమెంటు, చమురు రంగాలూ ఉన్నాయి. కానీ డిగ్రీతో ఆగితే కష్టం, ఎంఎస్సీ తప్పదు. ఐఐటీల్లో ఎంఎస్సీకి చేరాలంటే జామ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, అందుకే డిగ్రీలో లెక్కలు వదలకు. విశాఖలో ఆంధ్రా, తిరుపతిలో ఎస్వీ, కడపలో యోగి వేమన, హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీల్లో ఈ సబ్జెక్టు ఉంది.

ఆ బండను మాత్రం పాలిష్‌కు పంపనివ్వకు. ఏ గనిలో, పైనుంచి ఎన్నో పొరలో వచ్చిందో నాన్నగారిని కనుక్కోమని చెప్పి, వెనకవైపు పెన్సిల్‌తో రాసి పెట్టుకో.