వీలునామాకు నమ్మదగిన వకీలు: నల్లగొండ జిల్లా నుంచి నా అనుభవం

మిర్యాలగూడలో ఇల్లు, ఊళ్లో పొలం ఉన్న మీ నాన్నగారి చేత వీలునామా రాయించాలనుకుంటున్నామని, అందుకు నమ్మదగిన మనిషిని ఎలా గుర్తుపట్టాలని మీరు అడిగారు. మా నాన్నగారి వీలునామా రాయించినప్పుడు నేను గమనించినది ఒక్కటే: పని తెలిసినవారు కాగితం మీద కలం పెట్టేముందు చాలా ప్రశ్నలు అడుగుతారు.

మేము మొదట కలిసిన వ్యక్తి దస్తావేజులు రాసేవారు. సర్వే నంబరు, పేర్లు మాత్రమే తీసుకుని, వీలునామా ఎందుకు, గిఫ్ట్ డీడ్ (బతికుండగానే ఆస్తిని రాసిచ్చేసే దస్తావేజు) చేస్తే ఇప్పుడే పని అయిపోతుంది, రిజిస్ట్రేషన్ ఆఫీసులో అందరూ మనవాళ్లే అన్నారు. ఆ చివరి మాట విన్నాక మేము మళ్లీ అటు వెళ్లలేదు. వీలునామాను నాన్నగారు బతికి ఉన్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. గిఫ్ట్ డీడ్ రిజిస్టరయ్యాక తన ఇష్టప్రకారం వెనక్కు తీసుకోవడం సాధారణంగా కుదరదు. తల్లిదండ్రుల పోషణకు సంబంధించిన 2007 చట్టం కింద ఆర్డీఓ ట్రిబ్యునల్‌కు వెళ్లే దారి ఉన్నా, బాగోగులు చూడాలన్న షరతు దస్తావేజులోనే రాసి ఉంటే వాదన గట్టిగా నిలుస్తుంది. ఈ తేడా చెప్పకుండా గిఫ్ట్ వైపు తొందరపెట్టేవారిని దూరం పెట్టండి.

తర్వాత కలిసిన వకీలు మమ్మల్నందరినీ బయట కూర్చోమని, నాన్నగారితో ఒక్కరే మాట్లాడారు. మా అన్నయ్యకు అది నచ్చలేదు గానీ, నాకు నమ్మకం కుదిరింది అక్కడే. ఆ తర్వాత పాసుపుస్తకం, పాత పహాణీలు, ఇంటి ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ధృవపత్రం) చూసి, పొలం కొన్నదా, తాతల నాటిదా, తాతగారు 1956కు ముందు పోయారా, తర్వాతా అని అడిగారు. హిందూ వారసత్వ చట్టం ఆ ఏడాదిదే కనుక, పొలం నాన్నగారి సొంతమా, ఉమ్మడి ఆస్తా అన్నది తేలడంలో ఆ జవాబుకు చాలా విలువ ఉంటుంది. ఉమ్మడిదైతే ఆయన తన వాటా వరకే రాయగలరు. 2005 సవరణ తర్వాత ఆడపిల్లలకూ అందులో కొడుకులతో సమానంగా హక్కు ఉంది. పాసుపుస్తకంలో పేరు ఒక్కరిదే ఉన్నంత మాత్రాన పొలమంతా వారి ఒక్కరిదే అయిపోదని ఆయన చెప్పే వరకు మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

మీరు కలిసే వకీలును కూడా కొన్ని అడగండి. సాక్షులుగా ఎవరిని పెట్టమంటారు? ఇద్దరు తప్పనిసరి, నాన్నగారి కంటే చిన్నవారు, ఆస్తిలో వాటా రానివారు, రేపు కోర్టుకు వచ్చి చెప్పగలవారు అయితే మంచిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి అంటారా? చట్టప్రకారం కాదు, కానీ చేయించడమే మేలు. వీలునామాకు స్టాంపు డ్యూటీ కూడా లేదు. 2025లో భూమి రికార్డుల కోసం ధరణి స్థానంలో భూభారతి వచ్చింది కదా, వీలునామా ఆధారంగా పొలం పట్టా మార్చాలంటే ఏం చేయాలి? దీనికి తడుముకునేవారు ఇంటి పనికి సరిపోతారేమో గానీ పొలం పనికి సరిపోరు.

బ్యాంకులో నామినీ పేరు ఉంది కదా, ఇంక వీలునామా ఎందుకు అనే సలహా ఎవరిచ్చినా వినకండి. నామినీ డబ్బు అందుకునే మనిషే తప్ప, అంతమాత్రాన వారసుడు కాడు.

ఫీజు ఎంత, అందులో రిజిస్ట్రేషన్ ఖర్చు కలిసిందా అన్నది ముందే కాగితం మీద రాయించుకోండి. మీ అమ్మగారు కూడా తన పేరున ఉన్నదానికి విడిగా వీలునామా రాయాలనుకుంటే, నల్లగొండలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి. 1987 చట్టం ప్రకారం మహిళలు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు.