గేమింగ్‌కి ఏ గ్రాఫిక్స్ కార్డు తీసుకోవాలి? మన ఎండల్లో ఓవర్‌క్లాక్ చేస్తే కార్డు కాలిపోతుందా?

మీ దగ్గర 1080పి మానిటర్, రైజెన్ 5 3600 ప్రాసెసర్, బి450 మదర్‌బోర్డు, క్యాబినెట్‌తో పాటు వచ్చిన 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు అందించే పెట్టె) ఉన్నాయన్నారు. 30 వేల లోపు ఏ కార్డు మంచిది, ఓవర్‌క్లాక్ చేస్తే (అంటే కంపెనీ పెట్టినదానికంటే ఎక్కువ వేగంతో నడిపిస్తే) కాలిపోతుందా, కరీంనగర్‌లో పై అంతస్తు గది కాబట్టి ఎండాకాలం తట్టుకుంటుందా అని అడిగారు. ఆ చివరి మాట చూసే రాయాలనిపించింది. నేనూ సికింద్రాబాద్‌లో పై అంతస్తులోనే ఉంటాను. ఓవర్‌క్లాకింగ్ గురించి నాకు గట్టిగా తెలిసిందంతా ఒక మే నెలలో తెలిసిందే.

కార్డు కంటే ముందు ఎస్‌ఎంపీఎస్ సంగతి చూడండి. పైన 500 అని పెద్ద అక్షరాల్లో ఉన్నదాన్ని వదిలేయండి. సిస్టమ్ ఆపి, ప్లగ్ పీకి, పక్క ప్యానెల్ తీసి ఫోన్ టార్చ్ వేసి చూస్తే స్టిక్కర్ మీద చిన్న పట్టిక ఉంటుంది. అందులో +12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి 12తో గుణించండి. ప్రాసెసర్‌కూ కార్డుకూ కలిపి అందే వాట్లు దాదాపు అంతే. నా పాతదాని మీద పైన 450 వాట్లు అని ఉండేది, గడిలో మాత్రం 16 ఆంపియర్లు. అంటే 192 వాట్లు! నేను కొన్న ఆర్‌టీఎక్స్ 3060 ఒక్కటే 170 వాట్లు తీసుకుంటుంది. అది నాకు అప్పటికి తెలియదు. కార్డు బిగించిన మొదటి సాయంత్రం గేమ్ లోడ్ అవుతుండగానే సిస్టమ్ టప్పున ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేశాను, మళ్లీ అక్కడే ఆగింది. కొత్త కార్డే పాడైందేమోనని రాత్రంతా టెన్షన్. మర్నాడు 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు తక్కువ వృథా చేస్తుందనే ముద్ర) రకం 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ తెచ్చి పెట్టాక ఆ సమస్య ఇప్పటిదాకా మళ్లీ రాలేదు.

ఎస్‌ఎంపీఎస్‌కి కార్డు కనెక్టర్ లేకపోతే హార్డ్ డిస్క్ వైరు నుంచి మార్చే కన్వర్టర్ ఇస్తారు. అది మాత్రం వాడకండి. మదర్‌బోర్డు స్లాట్ 75 వాట్లు, 6 పిన్నుల వైరు 75, 8 పిన్నులది 150 వాట్లు మోస్తాయి. సన్నటి డిస్క్ వైరు మీద ఆ బరువంతా వేస్తే కాలేది ముందు ఆ వైరే. మీ 30 వేలల్లోంచి ఎస్‌ఎంపీఎస్‌కి కొంత తీసి పక్కన పెట్టండి. కార్డు ఒక మెట్టు తగ్గినా ఫరవాలేదు.

ఇక కార్డు. మీ చోట నేనుంటే ఆర్‌టీఎక్స్ 4060 తీసుకుంటాను. 2023లో వచ్చింది, 8 జీబీ మెమరీ, తీసుకునేది 115 వాట్లే. కార్డు తీసుకునే కరెంటంతా చివరికి మీ గదిలో వేడిగానే బయటికి వస్తుంది కాబట్టి, పై అంతస్తులో ఉండేవాళ్లకి ఆ 115 అన్న అంకె చాలా ముఖ్యం. బడ్జెట్‌లో దొరికితే దాని తర్వాతి ఆర్‌టీఎక్స్ 5060 ఇంకా వేగంగా ఉంటుంది, కాకపోతే అది 145 వాట్లు. ఇంకా తక్కువలో కావాలంటే ఆర్‌ఎక్స్ 6600, 132 వాట్లు. ఇవన్నీ 8 జీబీ కార్డులే. పెద్ద గేముల్లో టెక్స్చర్స్‌ని (వస్తువుల పైపొర బొమ్మల నాణ్యతని) అల్ట్రా నుంచి హైకి దించి ఆడితే 1080పికి సరిపోతాయి.

ఇంటెల్ ఆర్క్ బి580లో 12 జీబీ ఉంది, ధర కూడా ఊరిస్తుంది. కానీ మీ ప్రాసెసర్‌తో వద్దు. ఆ కార్డు డ్రైవర్ ప్రాసెసర్ మీద ఎక్కువ పని పెడుతుంది. 3600 లాంటి పాత ప్రాసెసర్ల దగ్గర దాని వేగం బాగా పడిపోతుందని 2025 మొదట్లోనే పరీక్షల్లో తేలింది. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ జోలికీ పోవద్దు. 4 జీబీ మెమరీ, పైగా అది మదర్‌బోర్డుతో నాలుగు లేన్ల (డేటా నడిచే దారుల) మీదే మాట్లాడుతుంది. మీ బి450లో కార్డు పెట్టే స్లాట్ పాత, నెమ్మది పీసీఐఈ 3.0 రకం కాబట్టి అక్కడ ఇరుకైపోతుంది. 4060, 5060, 6600లకి ఎనిమిది లేన్లుంటాయి, వాటితో మీకు పోయేది కొద్దిగానే.

ఒకే కార్డుకి మామూలు మోడల్, ఓసీ మోడల్ అని రెండు ఉంటాయి. ఓసీ అంటే కంపెనీయే కాస్త ఓవర్‌క్లాక్ చేసి ఇచ్చింది. 4060 అసలు బూస్ట్ వేగం 2,460 మెగాహెర్ట్జ్. ఓసీ మోడళ్లలో పెరిగేది సాధారణంగా రెండు మూడు శాతం. దానికోసం వేలు పెట్టకండి. మంచి హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు రెక్కలు) ఉంటే మాత్రం పెట్టొచ్చు. సెకండ్ హ్యాండ్ కొంటుంటే మీ ఎదురుగా అరగంట గేమ్ నడిపి చూపించమనండి. 2022 సెప్టెంబర్‌లో ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీని కార్డులతో సంపాదించే మైనింగ్ ఆగిపోయాక రాత్రీ పగలూ నడిచిన కార్డులు చాలా మార్కెట్‌లోకి వచ్చాయి. ఫ్యాన్ చప్పుడు, కార్డు బయాస్ (కార్డు లోపల ఉండే, వేగం, వోల్టేజి హద్దులు పెట్టే ప్రోగ్రామ్) మార్చారా లేదా, బిల్లు మీద సీరియల్ నంబరు కార్డు మీదున్నదీ ఒకటేనా, ఇవి చూసుకోండి.

ఓవర్‌క్లాక్ చేస్తే కాలిపోతుందా అన్నారు. ఆఫ్టర్‌బర్నర్ అనే ఓవర్‌క్లాకింగ్ సాఫ్ట్‌వేర్‌లో స్లయిడర్లు జరిపినంత మాత్రాన కార్డు కాలిపోవడం చాలా అరుదు. వోల్టేజి, పవర్ ఎంతవరకు పెరగొచ్చో కార్డు బయాస్‌లోనే హద్దులుంటాయి. నా 3060 అయితే 83 డిగ్రీల దగ్గర తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఇంకో కార్డు బయాస్ తెచ్చి ఎక్కించడం, సోల్డరింగ్ చేసి వోల్టేజి పెంచడం లాంటివి చేస్తే మాత్రం కార్డూ పోతుంది, వారంటీ కూడా పోతుంది. ఆ వైపు వెళ్లకండి. ఆఫ్టర్‌బర్నర్‌ని ఎంఎస్ఐ అసలు సైట్ నుంచే దించుకోండి. నకిలీ సైటుతో వైరస్ పంచుతున్నారని 2021లో ఆ కంపెనీయే హెచ్చరించింది. ఏ కంపెనీ కార్డుకైనా ఇది పనిచేస్తుంది.

నేను చేసింది ఇది. ముందు ఏమీ మార్చకుండా ఒక గేమ్ బెంచ్‌మార్క్ (వేగం కొలిచే పరీక్ష) మూడుసార్లు నడిపి, సగటున సెకనుకు 62 ఫ్రేములు వచ్చాయని రాసి పెట్టుకున్నాను. తర్వాత కోర్ క్లాక్‌ని (కార్డు చిప్ వేగాన్ని) +45తో మొదలుపెట్టి 15 చొప్పున పెంచుతూ, ప్రతి మెట్టు దగ్గర కార్డుని గట్టిగా పని చేయించే హెవెన్ బెంచ్‌మార్క్ ఇరవై నిమిషాలు నడిపాను. ఎన్విడియా కార్డుల వేగం దాదాపు 15 మెగాహెర్ట్జ్ మెట్లలోనే కదులుతుంది, అందుకే ఆ 15. +165 దగ్గర గేమ్ మూసుకుపోయింది. +150కి వచ్చి ఆగాను.

మెమరీ దగ్గరే చాలామంది పొరపడతారు. +800 పెడితే ఫ్రేములు పెరిగాయి. +1000కి కొత్తగా ఏమీ రాలేదు. +1200 పెట్టాను. క్రాష్ లేదు, తెర మీద చుక్కలు లేవు, అంతా బాగానే ఉంది అనిపించింది. అంకె చూస్తే మూడు ఫ్రేములు తగ్గింది! కార్డులో ఉండే జీడీడీఆర్6 రకం మెమరీలో పంపిన డేటా తప్పుగా చేరితే పట్టుకుని మళ్లీ పంపే ఏర్పాటు ఉంది. వేగం మితిమీరితే తప్పులు పెరుగుతాయి, మళ్లీ మళ్లీ పంపడంలో సమయం పోతుంది, పైకి ఏమీ కనబడదు. కాబట్టి క్రాష్ కాలేదు కదా అని ఆగకండి, ఫ్రేములు కొలవండి. చివరికి +800 దగ్గర స్థిరపడ్డాను. మొత్తం కలిపి 62 కాస్తా 66 అయింది. ఇంత శ్రమకీ దక్కేది ఆరు శాతం.

అదంతా జనవరిలో. గదిలో 24 డిగ్రీలు, కార్డు 68 దగ్గర ఉండేది. నాలుగు నెలలు ఒక్క ఇబ్బంది లేదు. మే రెండో వారంలో, మధ్యాహ్నం మూడింటికి సైబర్‌పంక్ ఆడుతుంటే తెర నల్లబడింది, రెండు మూడు సెకన్లకు డెస్క్‌టాప్ వచ్చింది, గేమ్ లేదు. విండోస్‌లో తప్పుల రికార్డు చూపే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం మానేసి మళ్లీ కోలుకుందని ఉంది. రోజుకి రెండుసార్లు ఇదే. ఒక షాపుకి తీసుకెళ్తే, ఒక్క నిమిషం కూడా నడిపి చూడకుండా, చిప్ పోయింది, రీబాలింగ్ (చిప్ తీసి కొత్త సోల్డర్‌తో మళ్లీ బిగించడం) చేయాలి, ఆరు వేలవుతుంది అన్నారు. ఇంటికొచ్చాక ఎందుకో గదిలో థర్మామీటర్ చూశాను. 37 డిగ్రీలు. కార్డు 81. గదిలో పదమూడు పెరిగితే కార్డులోనూ పదమూడు పెరిగింది, లెక్క సరిగ్గా సరిపోయింది. చిప్ వేడెక్కేకొద్దీ అదే వోల్టేజి దగ్గర అంత వేగం నిలబెట్టుకోలేదు. ఆఫ్టర్‌బర్నర్‌లో రీసెట్ నొక్కాను. ఆ వారమంతా ఆడినా ఒక్క క్రాష్ లేదు. కార్డుకి ఏమీ కాలేదు, నేను జనవరి చలిలో పెట్టిన సెట్టింగే మే ఎండకి చాలలేదు.

అందుకని మీరు ఓవర్‌క్లాక్ చేస్తే, ఎండాకాలం మధ్యాహ్నం ఏసీ లేకుండా గంటసేపు గేమ్ ఆడి నిలబడిందే మీ అసలు సెట్టింగ్ అనుకోండి. అప్పటిదాకా విండోస్‌తో పాటే ఓవర్‌క్లాక్ అమలయ్యే బటన్ నొక్కకండి. అది నొక్కకపోతే ఏది తేడా చేసినా రీస్టార్ట్‌తో కార్డు మామూలైపోతుంది.

మార్చి నుంచి జూన్ దాకా నేను ఓవర్‌క్లాక్ తీసేసి అండర్‌వోల్ట్‌లో (మామూలు కంటే తక్కువ వోల్టేజితో) నడుపుతాను. ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే వోల్టేజి, వేగాల గీత ఒకటి వస్తుంది. నా కార్డులో 900 మిల్లీవోల్టుల దగ్గరి చుక్కని 1,850 మెగాహెర్ట్జ్‌కి లాగి, దాని కుడివైపున్నవన్నీ అదే ఎత్తులో సమం చేశాను. కరెంటు వాడకం వోల్టేజి వర్గంతో పెరుగుతుంది కాబట్టి వోల్టేజి కొంచెం తగ్గినా లాభం ఎక్కువ. 170 వాట్లు కాస్తా 130 దగ్గరికి వచ్చాయి, 81 డిగ్రీలు 71 అయ్యాయి. ఫ్రేములు 62 నుంచి 61. ఫ్యాన్ చప్పుడు కూడా సగమైంది. మీ కార్డుకి ఈ అంకెలే సరిపోవు, ఒక్కో చిప్‌ది ఒక్కో తీరు. నెమ్మదిగా దించుతూ చూసుకోవాలి.

ఎయిర్ కూలర్ వాడుతుంటే దాని గాలి నేరుగా క్యాబినెట్ మీదికి పెట్టకండి. తేమా దుమ్మూ కలిసి హీట్‌సింక్ రెక్కల మధ్య అట్ట కట్టేస్తాయి. ఫిబ్రవరి చివర ఒకసారి బ్లోయర్‌తో దుమ్ము కొట్టండి. కొట్టేటప్పుడు కార్డు ఫ్యాన్ రెక్కని వేలితో కదలకుండా పట్టుకోండి, గాలికి విపరీతంగా తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది.

ముందైతే ఈ రాత్రి ఆ స్టిక్కర్ చూడండి. +12 గడిలో 30 ఆంపియర్లకు పైనే ఉండి, కనెక్టర్ ఎస్‌ఎంపీఎస్‌కే ఉంటే 4060 ధైర్యంగా తెచ్చుకోవచ్చు. అంతకంటే బాగా తక్కువుంటే ముందు ఎస్‌ఎంపీఎస్ మార్చండి, కార్డు వచ్చే నెల తీసుకోవచ్చు.