వాడి బ్యాగ్ వాణ్నే సర్దుకోనివ్వు

అమ్మాయ్,

మొన్న మీ ఇంట్లో నాలుగు రోజులుండి కావలి వచ్చాక ఫోన్‌లో చెబుదామనుకున్నాను. ఫోన్‌లో అయితే నువ్వు మధ్యలో "అది కాదు పెద్దమ్మా" అంటావు, నేను చెప్పాల్సింది మర్చిపోతాను. అందుకే రాస్తున్నా. కాస్త పొడుగవుతుంది, ఆఫీసులో తెరవకు, రాత్రి తీరిగ్గా చదువు.

మంగళవారం పొద్దున చూశాను. ఏడుంపావు. బుజ్జిగాడు సోఫాలో కూర్చుని ఒక సాక్సు కాలికి వేసుకుని, రెండోది చేతికి తొడుక్కుని దాంతో తోలుబొమ్మలాట ఆడుతున్నాడు. నువ్వు వంటింట్లోంచి "త్వరగా" అన్నావు. ఆటోవాడు హారన్ కొట్టేలోపు ఆ మాట పదకొండుసార్లు అన్నావు, నేను లెక్కపెట్టా. బాటిల్ నువ్వే నింపావు, టై నువ్వే కట్టావు, బ్యాగ్ నువ్వే సర్దావు. ఇంత చేసినా డైరీ టీవీ పక్కనే ఉండిపోయింది, అల్లుడు బైకేసుకుని పొదలకూరు రోడ్డు దాకా పరిగెత్తాల్సి వచ్చింది. సాయంత్రం నాతో ఏమన్నావో గుర్తుందా? "తెలివి లేకనా పెద్దమ్మా, క్రికెట్ స్కోర్లన్నీ గడగడా చెప్తాడు. కావాలనే చేస్తాడు, ఒళ్ళు బద్ధకం."

కాదమ్మా. ఆ మాట నేనూ ఏళ్ళ తరబడి అన్నాను కాబట్టి చెబుతున్నా. తెలియడం వేరు, తెలిసినదాన్ని వేళకి గుర్తు తెచ్చుకుని, మొదలుపెట్టి, మధ్యలో ఇంకోదాని వెంట పోకుండా ముగించడం వేరు. ఈ రెండోదాన్నే ఇప్పుడు ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్ అంటున్నారు. పేరు చూసి హడలిపోకు. విన్నమాటని పని అయ్యేదాకా మనసులో పట్టుకోవడం (వర్కింగ్ మెమరీ అంటారు), తోచిందల్లా చేసెయ్యకుండా ఆగడం, అనుకున్నది కుదరకపోతే ఏడుస్తూ కూర్చోకుండా ఇంకో దారి పట్టడం, ముఖ్యంగా ఈ మూడే. వీటికి పెద్ద ఆధారం నుదుటి వెనకాల ఉండే మెదడు భాగం, అది పూర్తిగా తయారవడానికి ఇంచుమించు పాతికేళ్ళు పడుతుంది. మీవాడికి తొమ్మిది. పాతికేళ్ళకి పండే చెట్టుని ఇప్పుడే కాయలేవని కొడుతున్నావు.

నా తప్పు కూడా చెప్తాను. టీచర్ ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నాలుగో తరగతిలో ఒక పిలకాయ ఉండేవాడు, వాళ్ళ నాన్న రొయ్యల గుంటల మీద కాపలా. బోర్డు మీద రాసింది వాడు ఎప్పుడూ సగమే ఎక్కించుకునేవాడు. నోటుబుక్కులో రెండు మాటలు, తర్వాత ఖాళీ, మళ్ళీ ఎక్కడో కింది వరసలో మూడు మాటలు. బద్ధకం అనుకుని ఒకరోజు గంటసేపు వరండాలో నిలబెట్టాను. తర్వాతెప్పుడో వాడి పక్కన కూర్చుని చూస్తే అర్థమైంది. బోర్డు చూసి నాలుగు మాటలు పట్టుకుంటాడు, తల దించి మొదటి రెండు రాసేసరికి మిగతా రెండు జారిపోతాయి, మళ్ళీ తలెత్తితే ఏ వరసలో ఉన్నాడో దొరకదు. బుర్రలో పెన్సిలంత చోటుంటే నేను పెట్టె మోయమన్నాను. రెండేసి మాటలే చూసి రాయమని, వరస తప్పకుండా వేలు పెట్టుకోవడానికి అదే పాఠం ఒక కాగితం మీద రాసి ఎదురుగా పెట్టాక నెలలోపే పేజీ నిండటం మొదలైంది. వరండాలో నిలబెట్టిన ఆ గంట మాత్రం ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంటుంది.

కాబట్టి నువ్వు చెయ్యాల్సిన మొదటి పని, వాడి బుర్రలో ఉండాల్సిన జాబితాని గోడ మీదికి తేవడం.

మీ తాతకి పొగాకు బ్యారన్ (ఆకుని వేడికి ఆరబెట్టే గది) ఉండేది, నీకు గుర్తుండదు. కందుకూరు దగ్గర మన పల్లెలో. ఆకు కాలుస్తున్నన్నాళ్ళూ రాత్రిళ్ళు కూడా లేచి మంట చూసుకోవాలి, వేడి ఒక్కసారిగా పెరిగినా పడిపోయినా బ్యారన్ మొత్తం ఆకు రంగు చెడుతుంది. నాన్న చదివింది మూడో తరగతి. బ్యారన్ తలుపు మీద సుద్దముక్కతో గీతలు పెట్టేవాడు, లేచి చూసిన ప్రతిసారీ ఒక గీత, కట్టె వేస్తే దానికి అడ్డంగా ఇంకోటి. ఎందుకు నాన్నా, నీకు గుర్తుండదా అంటే, "నాకు గుర్తుంటుంది, నిద్రలో లేచిన మనిషికి ఉండదు" అనేవాడు. పొద్దున ఏడింటికి బుజ్జిగాడు కూడా నిద్రలో లేచిన మనిషే అనుకో.

బజారులో దొరికే రంగురంగుల చార్టు కొనొద్దు. వాణ్నే కూర్చోబెట్టి అడుగు, పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆటో ఎక్కేదాకా ఏమేం చెయ్యాలో. వాడే చెప్పాలి, వాడే బొమ్మలెయ్యాలి, అందులో సాక్సు తోలుబొమ్మలా ఉన్నా ఫర్వాలేదు. అయిదారు పనులకి మించొద్దు. చెప్పుల స్టాండ్ పైన, వాడి కళ్ళకి ఎదురుగా అంటించు (నీ కళ్ళకి కాదు, నువ్వు పొడుగు). ఇంక ఆ రోజు నుంచి "బాటిల్ పెట్టుకున్నావా, డైరీ పెట్టుకున్నావా" అని అడగడం మానెయ్యి. ఒక్కటే అడుగు: "ఇంకా ఏం మిగిలింది?" వాడు గోడ వైపు చూడాలి, నీ మొహం వైపు కాదు. ఇప్పటిదాకా వాడి జ్ఞాపకం నువ్వే. పదకొండు "త్వరగా"లు విన్నవాడికి పన్నెండోది వస్తుందని తెలుసు, ఇంక వాడెందుకు గుర్తుపెట్టుకుంటాడు చెప్పు?

బ్యాగ్ పొద్దున కాదు, రాత్రి అన్నానికి ముందు సర్దాలి. మొదటి వారం వాడి పక్కన కూర్చో, చెయ్యి మాత్రం పెట్టొద్దు. రెండో వారం కూరగాయలు తరుక్కుంటూ దూరంగా ఉండు. మూడో వారం, సర్దడం అయ్యాక చూపించమను చాలు. సైకిల్ నేర్పేటప్పుడు వెనక సీటు పట్టుకున్న చెయ్యి ఎట్టా తీస్తామో అట్టాగే, ఒకేసారి వదిలితే పడతాడు, అసలు వదలకపోతే రాదు. మధ్యలో ఒకసారి ఏదో పుస్తకం మర్చిపోతాడు, ఖాయం. అల్లుణ్ణి బైక్ తియ్యనివ్వకు. ఆ ఒక్కరోజు టీచర్ దగ్గర మాట పడనివ్వు, సాయంత్రం వచ్చాక తిట్టకుండా "రేపు అది మర్చిపోకుండా ఏం చేద్దాం?" అని వాణ్నే అడుగు. నీకు ప్రాణం ఉసూరుమంటుంది, తెలుసు. ఓర్చుకో.

హోంవర్కు దగ్గర మీ ఇంట్లో గొడవంతా మొదలుపెట్టడం దగ్గరే. "హోంవర్క్ చెయ్" అంటే వాడికి అది కొండ. "ముందు లెక్కల పుస్తకం తీసి తేదీ వెయ్యి" అను, అది గులకరాయి. ఇంకోటి, పిలకాయలకి టైం అంటే ఏందో తెలియదు, మీ హాల్లో ఉన్నది అంకెల గడియారం కాబట్టి మరీ తెలియదు. ముళ్ళ గడియారం ఒకటి తగిలించు, ముల్లు ఇక్కడి నుంచి ఇక్కడికి వచ్చేలోపు అంటే కంటికి కనబడుతుంది. ప్రతి పని ముందు ఎంతసేపు పడుతుందో వాణ్నే చెప్పమని కాగితం అంచున రాయించు, అయ్యాక ఎంత పట్టిందో దాని పక్కన రాయించు. నేనున్నప్పుడు తెలుగు కాపీ రాతకి అయిదు నిమిషాలు అన్నాడు, 22 నిమిషాలు పట్టింది. వాడే నోరు తెరిచాడు. అది వాడి తప్పని చూపించడానికి కాదు, రేపు ఆటకి ఎన్నింటికి పోవచ్చో వాడే లెక్కేసుకోవడానికి.

ఇప్పుడు నీకు కొంచెం కోపం వచ్చే మాట. ఆదివారం మైపాడు బీచ్‌కి పోదామని చెప్పి, నీకు ఏదో పనిబడి పోలేదు, సరే. వచ్చే ఆదివారం అన్నావు. అంతకుముందు వారం కూడా అదే అన్నావని బుజ్జిగాడు నా చెవిలో చెప్పాడు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ అనే ఆయన పిల్లల ముందు మిఠాయి పెట్టి, ఇప్పుడే తినకుండా ఆగితే రెండోది ఇస్తానని చేసిన పరీక్ష అందరూ చెప్తుంటారు, ఆగిన పిల్లలే పైకొస్తారని. అంత సూటిగా ఏం లేదు. 2018లో ఎక్కువమంది పిల్లల మీద మళ్ళీ చూస్తే, ఇంటి పరిస్థితుల్ని లెక్కలోకి తీసుకున్నాక ఆ తేడా చాలావరకు తగ్గిపోయింది. నాకు నచ్చింది ఇంకోటి, రాచెస్టర్ యూనివర్సిటీ వాళ్ళు 2013లో అచ్చువేసినది. ముందుగా కొంతమంది పిల్లలకి మంచి రంగులూ స్టిక్కర్లూ తెస్తామని చెప్పి తెచ్చారు, ఇంకొంతమందికి తెస్తామని చెప్పి తేలేదు. ఆ తర్వాత మిఠాయి పెట్టారు. మాట నిలబెట్టుకున్న మనిషి దగ్గర పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు, మాట తప్పిన మనిషి దగ్గర 3 నిమిషాలే. ఆగడం వాళ్ళకి చేతకాక కాదు, ఆగితే వస్తుందని నమ్మకం లేక. మైపాడు ఎంతో దూరం కాదు, పో. పోగలవో లేదో తెలియకపోతే ముందు మాటే ఇవ్వకు.

అబాకస్, ఫోన్‌లో బ్రెయిన్ గేమ్స్ అని పక్కింటావిడ చెప్పిందన్నావు. డబ్బులు దండగ. ఆ ఆటలో స్కోరు పెరుగుతుంది, బ్యాగ్ సర్దడం రాదు. దాని బదులు అంగడికి పంపు, మూడు సరుకులు నోటితో చెప్పి. పచ్చిమిరపకాయలు, కొత్తిమీర, పెరుగు ప్యాకెట్. కొత్తిమీర మర్చిపోతే ఆ రోజు చారులో కొత్తిమీర లేదు, అంతే, నువ్వు పోయి తేవొద్దు. రాత్రి కరెంటు పోతే "కాకి ఎగిరె, చిలక ఎగిరె, గేదె ఎగిరె" ఆడండి, గేదెకి చెయ్యెత్తినవాడు అవుటు. చెయ్యి పైకి లేవబోతుంటే పట్టి ఆపుకోవడం ఉంది చూడు, ఆ ఆగడమే మనం వాడికి నేర్పాల్సింది. మీ ఆయనే ముందు అవుటవుతాడు, చూస్తూ ఉండు. నిద్ర మాత్రం తగ్గనివ్వకు. ఈ వయసు పిల్లలకి 9 నుంచి 12 గంటలు కావాలంటారు, మీవాడు పదకొండుకి పడుకుని ఆరుకి లేస్తున్నాడు. నిద్ర చాలనప్పుడు నేను చెప్పినవేవీ పనిచెయ్యవు.

స్కూల్లో క్లాస్ టీచర్‌ని కలువు, ఫిర్యాదు మొహంతో కాదు. ఒక్కో క్లాసులో ఎంతమంది ఉంటారో నాకు తెలుసు, వాళ్ళకి తీరిక ఉండదు. రెండే అడుగు. హోంవర్కు గంట కొట్టాక నోటితో కాకుండా, ముందే బోర్డు మీద రాయమను. చివర్లో అర నిమిషం వాడి డైరీ మీద ఒక చూపు వేసి టిక్కు పెట్టమను. నేనైతే అట్టాంటి పిలకాయకి చాక్‌పీసులు తెచ్చే పనో, నోటుబుక్కులు పంచే పనో అప్పజెప్పేదాన్ని, లేచి తిరగడానికి వంక దొరుకుతుంది, లెక్కా తప్పకూడదు. నలుగురిలో "మతిమరుపోడు" అనొద్దని మాత్రం గట్టిగానే చెప్పు. ఆ పేరు ఒకసారి అంటుకుంటే వాడే నమ్ముతాడు.

ఇవన్నీ నాలుగైదు నెలలు ఓపిగ్గా చేసినా, ఇంట్లోనూ స్కూల్లోనూ అట్టాగే ఉంటే అప్పుడు పిల్లల డాక్టర్‌కి చూపించండి. ముందు కళ్ళూ చెవులూ పరీక్ష చేయించు, బోర్డు కనబడక రాయనివాళ్ళని ఎంతోమందిని చూశాను. ఏడీహెచ్‌డీ (దేనిమీదా శ్రద్ధ నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) అనేది ఒకటుంది, అది డాక్టర్ తేల్చాల్సిన మాట, నేనో పక్కింటావిడో కాదు. ఉంటే దానికి దారులున్నాయి, సిగ్గుపడాల్సిందేం లేదు.

వచ్చే నెల రెండో శనివారం పినాకిని రైలుకి వస్తాను. అటక మీదున్న వామనగుంటల పీట దింపించా, తెస్తాను. మేం గుంటకి అయిదు చొప్పున వేసేవాళ్ళం, 14 గుంటలు. మొత్తం ఎన్ని చింతగింజలు కావాలో బుజ్జిగాణ్ణి లెక్కేసి ఏరి పెట్టమను. తక్కువైనా నువ్వు కలపొద్దు.

మీ పెద్దమ్మ